నీలం రంగులో అమ్మమ్మ వీధి

ఉప్పాడ అంటే అందరికీ జామ్‌దానీ చీరలు గుర్తొస్తాయి. మాకు మాత్రం అది అమ్మమ్మ ఊరు.

ఎనిమిదో క్లాసు చదివే మా అక్క కూతురు "సోషల్ అంతా బట్టీయే మావయ్యా" అని విసుక్కుంటే ఫోన్‌లో గూగుల్ ఎర్త్ తెరిచాను. అందులో టైమ్‌ల్యాప్స్ నొక్కితే 1984 నుంచి తీసిన ఉపగ్రహ చిత్రాలు వరసగా కదులుతాయి. కాకినాడ దాటి ఉప్పాడ దగ్గర ఆగాం. ఏళ్లు మారేకొద్దీ ఒడ్డు లోపలికి జరుగుతోంది.

"క్రమక్షయం అంటే ఇదేనా?" అంది. అలలు పట్టుకెళ్లినంత ఇసుక మళ్లీ ఒడ్డుకు చేరకపోతే ఇలాగే అవుతుందని చెప్పాను.

ఆదివారం అమ్మమ్మని తీసుకుని వెళ్లాం. బీచ్ రోడ్డు పక్కన, అలల్ని ఆపడానికి వేసిన బండరాళ్లు. అమ్మమ్మ సముద్రంలోకి వేలు చూపించి, "మా వీధి అదిగో, ఆ పడవ ఉన్నచోట" అంది. పిల్ల ఫోన్‌లో చూసింది. అక్కడంతా నీలం రంగే.

"తాతమ్మా, ఆ వీధిలో ఎవరెవరుండేవాళ్లు?" అంటూ నోట్‌బుక్ తీసింది.

ఆ పేర్లు ఏ శాటిలైటూ చెప్పదు. మీ ఊరి మ్యాప్ తెరిచినప్పుడు పక్కన ఇంట్లో పెద్దవాళ్లని కూర్చోబెట్టుకోండి, వాళ్లు ఉండగానే.