బాంబూఫ్లాట్‌లో ఒక పూట భోజనం

క్రొత్తచోటికి వెళ్ళినవాడు అక్కడి కొండలను, కోటలను చూచినంత మాత్రాన ఆ చోటును ఎరిగినవాడు కాడు. అక్కడివారి ఇంట ఒక పూట విస్తరి ముందు కూర్చుండవలెను. విశాఖపట్టణం నుండి అండమాన్ దీవులకు వచ్చిన ఒక పెద్దమనిషికి ఈ విశ్వాసం గట్టిది. 2024 వరకు పోర్ట్ బ్లెయిర్ అని పిలువబడిన శ్రీ విజయపురంలో హోటలు భోజనం ఆయనకు రుచించలేదు. దీవి వంటయే తినవలెనని పట్టుపట్టి, ఛాతం రేవులో పడవ ఎక్కి, ఎదుటి ఒడ్డున ఉన్న బాంబూఫ్లాట్‌కు బయలుదేరినారు.

1883లో నెలకొన్న ఛాతం కలప మిల్లు వెనుకకు జరిగిపోయినది. ఎదుట హారియట్ కొండ పచ్చగా నిలిచినది. 2021 నుండి దాని పేరు మణిపుర్ కొండ. ఆ కొండమీద సూర్యాస్తమయం చూచి దిగివచ్చిన వైస్రాయి మేయో ప్రభువును, దాని పాదాన ఉన్న హోప్‌టౌన్ రేవులో షేర్ అలీ అనే ఖైదీ పొడిచి చంపినాడు. అది 1872 ఫిబ్రవరి 8వ తేదీ. చూడవచ్చినవారి కన్నులు వేరు, ఉండిపోవలసినవారి కన్నులు వేరు. ఈ దీవులకు ఆనాటి నుండీ ఈ రెండు చూపులూ ఉన్నవి.

ఆయనకు ఆతిథ్యమిచ్చినది శ్రీకాకుళం తీరం నుండి వచ్చి స్థిరపడిన ఒక మత్స్యకార కుటుంబం. ఇంటి పెద్ద ఒక వృద్ధురాలు. పెండ్లికూతురుగా ఓడ దిగినది, మరల వెళ్ళినది రెండే పర్యాయాలు. "అమ్మా, ఈ దీవి కూర ఏదో అదే పెట్టండి" అన్నారు అతిథి. ఆమె నవ్వినది.

"దీవి కూరంటే ఏటి బాబూ? బియ్యం ఓడలో వస్తాది. చింతపండు ఓడలో వస్తాది. మేమూ ఓడలోనే వచ్చినాం. చేపా కొబ్బరికాయా, ఆ రెండే ఇక్కడివి."

వడ్డించినది వంజరం పులుసు. మొదటి ముద్దకే ఆయనకు తన తల్లి చేతి వంట జ్ఞప్తికి వచ్చినది. రెండవ ముద్దకు అది కాదని తెలిసినది. పులుపు తగ్గి, ఏదో కమ్మదనం చేరినది. అడుగగా ఆమె చెప్పినది: ఓడ ఆలస్యమైన దినాలలో చింతపండు పొదుపుగా వాడవలసి వచ్చేది, అప్పుడు పొరుగింటి మాపిళ్ళ గృహిణి కొబ్బరిపాలు పోయడం నేర్పినది. చింతపండుకు కరవు తీరిన తరువాత కూడ కొబ్బరిపాలు నిలిచిపోయినవి. ఆ పొరుగువారి పెద్దలు 1921 మలబారు తిరుగుబాటు అనంతరం ఇక్కడికి పంపబడినవారు. వారింటి నుండి ఆ పూట పలుచని బియ్యపు రొట్టెలు, పత్తిరులు, పళ్ళెం నిండా వచ్చినవి. మరునాడు ఆ పళ్ళెం ఖాళీగా తిరిగిపోదట. అది ఆ రెండిండ్ల మర్యాద.

ఆనాడు అతిథికి ఒక సంగతి బోధపడినది. దీవి వంట అని ఆయన వెదకినది ఎచ్చటనో విడిగా లేదు. ఊరు విడిచివచ్చినవారు తమ తమ జ్ఞాపకాలను ఒకరి కుండలో ఒకరు పోసికొనగా ఏర్పడినదే అది.

అయితే రుచి నిలిచినట్లు మాట నిలుచునా? 2011 జనాభా లెక్కలలో ఈ దీవులలో నూటికి సుమారు 13 మంది తెలుగును మాతృభాషగా చెప్పుకొన్నారు. కాని బజారులోను, బడిలోను, పడవమీదను అందరినీ కలిపేది హిందీయే. 1858లో ఖైదీల వలస మొదలైన నాటి నుండి నానాభాషలవారి నడుమ హిందుస్తానీ పెరుగుతూ వచ్చినది. వంజరం సైతం బజారులో సుర్మాయి అయినది. మనుమరాలితో మాటలాడునప్పుడు వృద్ధురాలు తానే హిందీలోకి దిగుచుండెను. "తెలుగులో చెబితే దానికి సగమే అందుతాది బాబూ" అని అతిథి వైపు తిరిగి, తప్పు చేసినదానివలె అన్నది.

అంతలో ఆ పిల్ల కంచం ముందుకు జరిపి, "అమ్మమ్మా, థోడా పులుసు ఔర్ దో నా" అన్నది.

వృద్ధురాలు వడ్డించినది. అతిథియు తన విస్తరి చూపినారు.