తట్టితే పలికేది

నాన్న నాలుగు రోజులు బీపీ మాత్ర వేసుకోలేదు. ఆ సంగతి నాకు ఐదో రోజు తెలిసింది, తెనాలి నుంచి పక్కింటి పిన్నిగారు ఫోన్ చేసి "మెట్ల మీద తూలి కూర్చుండిపోయారమ్మా" అన్నాక. నేను వెళ్లేసరికి తేరుకున్నాడు. "నీ డబ్బా మోగలేదు మరి" అన్నాడు, నేరం ఎవరి మీదా మోపకుండా.

ఆ డబ్బా నేనే చేశాను. ప్లాస్టిక్ టిఫిన్ డబ్బాలో ఒక ఆర్డ్యునో, ఒక ఎర్ర లైటు, మూత లోపల అంటించిన పియజో బిళ్ల. పొద్దున 8కి, రాత్రి 8కి మోగాలి. లైటైతే వెలుగుతూనే ఉంది. శుక్లాలున్న మనిషికి లైటెందుకు?

హైదరాబాద్ తెచ్చి విప్పాను. బిళ్ల బాగుంది, ప్రోగ్రాం నడుస్తోంది. చిప్‌లో ఆ ఒక్క పిన్నే చచ్చిపోయింది. తీగ పక్క పిన్‌కి మారిస్తే మళ్లీ కీచుమంది. అంతటితో వదిలేద్దును గానీ, నాన్న మాట ఒకటి గుర్తొచ్చింది. "మొదలెట్టగానే ఓ మొట్టికాయ వేస్తే కాసేపటికి ఊరుకునేది." నేను పెట్టిన చిన్న బటన్ ఆయనకి కనబడనే లేదు. నిమిషం మోగి దానంతటదే ఆగుతుంటే, తన దెబ్బకే ఆగిందనుకున్నాడు.

పియజోకి కరెంటిస్తే వంగుతుంది, ఆ కదలికే శబ్దం. దాన్ని వంచితే అదే కరెంటు పుట్టిస్తుంది. ఈ రెండో గుణాన్నే ముందు కనిపెట్టారు, 1880లో, జాక్, పియర్ క్యూరీ సోదరులు. వంటింట్లో గ్యాస్ లైటర్ టక్కుమనేది దీనివల్లే. ఫ్రెండ్ దగ్గర ఆసిలోస్కోప్‌కి తగిలించి నాన్నలాగే మొట్టి చూశాను. 30 వోల్టులు దాటింది. నా చిప్ పిన్‌కి సరఫరా కంటే అర వోల్టు పైన, సున్నాకి అర వోల్టు కింద, అదే హద్దు. లోపల కాపలా డయోడ్లుంటాయి గానీ, రోజూ మొట్టికాయలు తినడానికి పెట్టినవి కావు.

ఇందులో నా అతితెలివి కూడా ఉంది. బీప్‌కీ బీప్‌కీ మధ్య పిన్‌ని సున్నా దగ్గర పట్టి ఉంచితే దెబ్బ చాలామటుకు గ్రౌండ్‌లోకి పోయేది. నేనేమో బ్యాటరీ మిగులుతుందని ఇన్‌పుట్‌గా మార్చి గాలికొదిలేశాను. ఊరికే ఉన్న పియజో కరెంటు తాగదు. మిగిలిందేమీ లేదు.

కోఠి గుజరాతీ గల్లీలో వెయ్యి ఓమ్‌ల రెసిస్టర్ ఒకటి, షాట్కీ డయోడ్లు రెండు కొన్నాను. రెసిస్టర్ పిన్‌కీ బిళ్లకీ మధ్య. డయోడ్లు పిన్ పక్కనే, ఒకటి 5 వోల్టుల వైపు, ఇంకోటి గ్రౌండ్ వైపు. హద్దు దాటిందాన్ని అవి పక్కకి మళ్లిస్తాయి, రెసిస్టర్ ఉధృతిని తగ్గిస్తుంది. శబ్దం కూడా కాస్త తగ్గింది. నాన్న చెవులు బాగానే ఉన్నాయి కాబట్టి సరేననుకున్నాను.

తర్వాత బటన్ పీకేశాను. బీప్‌ల మధ్య పిన్‌ని మళ్లీ ఇన్‌పుట్‌గానే పెట్టాను, ఈసారి దెబ్బ పడిందేమో చూడమని. పడితే ఆగుతుంది. లేదంటే అరగంట మోగుతుంది.

నాన్నకి ఇవేవీ చెప్పలేదు. మొన్న ఫోన్ మాట్లాడుతుండగా 8 అయింది. బీప్, బీప్, టక్.

"ఉండమ్మా, మాత్రేసుకొస్తా."