ముక్తినాథ్‌కు దారి

బుద్ధుడు పుట్టినది లుంబినిలో. జ్ఞానం పొందినది బుద్ధగయలో. మొదటిసారి ధర్మం బోధించినది కాశీ పక్కనున్న సారనాథ్‌లో. కన్నుమూసినది కుశీనగరంలో. ఈ నాలుగింటిలో లుంబిని నేపాలులో ఉన్నది. తక్కిన మూడూ మన దేశంలో ఉన్నవి. బుద్ధుడు కాలినడకన తిరిగిన రోజుల్లో ఈ సరిహద్దు లేదు. ఈనాడు నాలుగూ చూడాలనుకునేవాడు దాన్ని దాటక తప్పదు.

విష్ణు భక్తులదీ ఇదే సంగతి. ఆళ్వారులు కీర్తించిన 108 దివ్యదేశాలలో సాలగ్రామం అనేది ఒకటి. అది నేపాలు కొండల్లోని ముక్తినాథ్ అని పెద్దలు చెబుతారు.

ఈ రెండు యాత్రలూ కలిపి వచ్చే వేసవి సెలవుల్లో చేయాలని మేము సంకల్పించాం. మేమంటే ఆరుగురం. మా అక్కయ్యకు 71 ఏళ్ళు. నాకు 67, మా ఇంటావిడకు 62. మా అబ్బాయి, వాడి పిల్లలు ఇద్దరు. కోడలికి ఉద్యోగంలో సెలవు దొరకలేదు.

అసలు కోరిక అక్కయ్యది. మా ఇంట్లో దేవుడి పెట్టెలో తాతలనాటి సాలగ్రామం ఉన్నది. మా నాన్నగారు రోజూ దానికి అభిషేకం చేసి, తులసిదళం వేసి తీర్థం ఇచ్చేవారు. ఆ తీర్థం పుచ్చుకుని పెరిగిన అక్కయ్యకు, ఆ రాయి పుట్టిన గండకీ నదిని చూడాలని చిన్ననాటి నుంచీ ఉన్నది.

సాలగ్రామం లోపల చక్రంలాంటి గుర్తులుంటాయి. వజ్రకీటాలనే పురుగులు రాతిని తొలిచి వాటిని చేశాయని పురాణాలు చెబుతాయి. భూగర్భ శాస్త్రజ్ఞులు అవి అమ్మొనైట్ అనే సముద్ర జీవి గుర్తులంటారు. ఈ జీవి నత్తలాగా చుట్టలు తిరిగిన చిప్పలో ఉండేది గాని, బంధుత్వానికి ఆక్టోపస్‌కే దగ్గర. 14 కోట్ల ఏళ్ళకు పూర్వం హిమాలయాలు లేవు. టెథిస్ అనే సముద్రం ఉండేది. తరవాత భారత భూఖండం ఉత్తరానికి జరిగి ఆసియాను ఒత్తుకోవటంతో ఆ సముద్రపు అడుగు పైకి లేచి పర్వతాలయింది. గండకి ఆ పర్వతాలను కోసుకుంటూ రాళ్ళను కిందికి దొర్లించుకొస్తున్నది.

ఇది విని మా మనవడు, "అయితే మన పెట్టెలో ఉన్నది దేవుడా, పురుగా?" అని అడిగాడు.

"నేను వెయ్యేళ్ళ రాయి అనుకున్నాను. పద్నాలుగు కోట్ల ఏళ్ళా! అయితే ఇంకా జాగ్రత్తగా చూసుకోవాలి," అన్నది అక్కయ్య.

ఇక కాగితాల సంగతి. నేపాలుకు పోయే భారతీయులకు వీసా అక్కరలేదు. కాని పాస్‌పోర్టో, ఎన్నికల సంఘం వారిచ్చిన ఓటరు కార్డో చూపాలి. ఆధార్ కార్డు 15 ఏళ్ళు నిండని పిల్లలకూ, 65 దాటిన పెద్దలకూ మాత్రమే చెల్లుతుంది. ఆ లెక్కన అక్కయ్యా, నేనూ, పదేళ్ళ మనవడూ ఆధార్‌తో గట్టెక్కాం. మా ఇంటావిడకూ అబ్బాయికీ ఓటరు కార్డులున్నవి. తేలనిది 16 ఏళ్ళ మనవరాలు. దానికి పాస్‌పోర్టు లేదు, ఓటు వయసు రాలేదు. వెతికితే ఆ చిక్కుకూ విరుగుడు దొరికింది: 15 నుంచి 18 ఏళ్ళ మధ్య వాళ్ళకు వాళ్ళ బడి ప్రధానోపాధ్యాయుడు నిర్ణీత నమూనాలో గుర్తింపు పత్రం ఇస్తే చాలు. హెడ్‌మాస్టరు సంతకానికి సరిహద్దు దాటించే శక్తి ఉన్నదని తెలిసి నాకు ముచ్చటవేసింది! ఇటువంటి నిబంధనలు మారుతుంటాయి గనక బయలుదేరే ముందు మరోసారి చూసుకుంటాం.

కాగితాలకంటే పెద్ద చిక్కు ఎత్తు. ముక్తినాథ్ సముద్రమట్టానికి 3,700 మీటర్ల పైన ఉన్నది. తిరుమలకు దాదాపు నాలుగు రెట్లు అన్నమాట. అక్కడ గాలి పీడనం మన ఊళ్ళో ఉండేదానిలో సుమారు మూడింట రెండు వంతులే. ఒక్కొక్క ఊపిరికీ అందే ప్రాణవాయువు ఆ మేరకు తగ్గుతుంది. శరీరం దీనికి అలవాటు పడగలదు గాని వ్యవధి కావాలి. తొందరపడితే తలనొప్పి, వికారం, ఆయాసం వస్తాయి. ముదిరితే ప్రాణానికే ముప్పు. వెంటనే కిందికి దిగిపోవటమే దానికి మందు.

పోఖరాలో పొద్దున విమానమెక్కి జోమ్‌సోమ్‌లో దిగి, జీపులో అదేరోజు ముక్తినాథ్ చేరవచ్చునని మా అబ్బాయి అన్నాడు. చేరవచ్చు, నిజమే. కాని 800 మీటర్ల ఎత్తునుంచి ఒక్కపూటలో అంత పైకి పోవటానికి అక్కయ్య గుండె ఒప్పుకోవాలి గదా! వైద్యుడు ఆమెను పరీక్షించి, 2,700 మీటర్ల ఎత్తునున్న జోమ్‌సోమ్‌లో రెండు రాత్రులు ఉండితీరాలన్నాడు. ఆ తరవాత తలనొప్పి గాని ఆయాసం గాని ఉంటే ఆమె పైకి పోకూడదు. అలా జరిగితే నేనూ ఆమెతో ఆగిపోతాను. తక్కినవాళ్ళు వెళ్ళి వస్తారు.

ఈ మాట అక్కయ్యతో చెప్పటానికి నాకు రెండు రోజులు నోరు రాలేదు. చెప్పాక ఆమె కాసేపు ఊరుకుని, "నది జోమ్‌సోమ్ మీదుగానే పోతుంది గదరా తమ్ముడూ?" అని అడిగింది. పోతుందన్నాను. "అయితే సరే," అన్నది.

జోమ్‌సోమ్‌కు విమానాలు పొద్దుటిపూటే నడుస్తాయి. ఎండ ముదిరేకొద్దీ ఎగువ మైదానంలో గాలి వేడెక్కి పైకి లేస్తుంది. ఆ ఖాళీలోకి దిగువ గాలి ధవళగిరి, అన్నపూర్ణ పర్వతాల నడుమనున్న ఇరుకు లోయ గుండా ఈడ్చికొడుతుంది. మధ్యాహ్నం అక్కడ విమానం దించటం ప్రమాదం.

పైన ముక్తినాథ్‌లో ఆలయం వెనక 108 ధారలు పడుతుంటాయి. హిందువులు విష్ణువని కొలిచే మూర్తినే బౌద్ధులు అవలోకితేశ్వరుడని కొలుస్తారు. దగ్గరలోనే బౌద్ధ సన్యాసినులు చూసుకునే జ్వాలామాయి గుడి ఉన్నది. అక్కడ నేలలోంచి వచ్చే సహజవాయువు, పారే నీటి పక్కనే నీలిమంటగా వెలుగుతుంది.

మా వరస ఇది: గయ, బుద్ధగయ, కాశీ, సారనాథ్, కుశీనగరం, సునౌలీ వద్ద సరిహద్దు దాటి లుంబిని, తరవాత పోఖరా, ముక్తినాథ్, చివరకు ఖాట్మండులో పశుపతినాథుడు, స్వయంభూ, బౌద్ధనాథ్ స్తూపాలు. "చనిపోయిన చోటు చూశాక పుట్టిన చోటా, తాతయ్యా?" అని మనవరాలు అభ్యంతరం చెప్పింది. రైలుదారి అలా ఉంటే నేనేం చేయను? సీత పెరిగిన జనకపురం కూడా చూడాలన్నది. బీహారులోని జయనగర్ నుంచి అక్కడికి 2022లో కొత్త రైలు వచ్చింది. కాని అది ఇంకోవైపు. దాన్ని ఇంకో యాత్రకు అట్టేపెట్టాం.

లుంబినిలో అశోకుడి స్తంభం 1896లో బయటపడింది. పట్టాభిషేకమైన ఇరవయ్యో ఏట తాను స్వయంగా వచ్చి పూజించాననీ, బుద్ధుడు పుట్టిన ఊరు గనక పన్ను ఎనిమిదోవంతుకు తగ్గించాననీ దానిమీద బ్రాహ్మీ లిపిలో చెక్కించాడు. రాజు వచ్చి వెళ్ళిన గుర్తుగా పన్ను తగ్గటం ఆ ఊరి రైతులకు ఎంత సంతోషమో!

సునౌలీ దాటగానే గడియారాలు 15 నిమిషాలు ముందుకు తిప్పాలి. ఆ పని మనవడిది. మన 100 రూపాయలు అక్కడ 160 అవుతాయి గనక ఖర్చుల లెక్క కూడా వాడే రాస్తానన్నాడు.

ప్రయాణం ఇంకా రెండు నెలలున్నా అక్కయ్య సామాను సర్దటం మొదలుపెట్టింది. పెట్టెలో ముందుగా పెట్టుకున్నది మూత బిగించే రాగి చెంబు. గండకీ నీళ్ళు తెచ్చి ఇంట్లో సాలగ్రామానికి అభిషేకం చేయించాలట.