మూలల్లోకి ఎవరు వెళ్తారు

2019 ఏప్రిల్ 6, టాంపా

లీగ్ దశలో ఆఖరి మ్యాచ్ కూడా మా ఊరి ఐస్ హాకీ జట్టు లైట్నింగ్‌దే. బోస్టన్ వెళ్లి బోస్టన్‌నే 6-3తో ఓడించారు. 82 మ్యాచుల్లో 62 గెలుపులు. 1995-96లో డెట్రాయిట్ నెలకొల్పిన రికార్డుతో సమానం. నికితా కుచెరోవ్‌కి గోల్స్, గోల్‌కి అందించిన పాసులు కలిపి 128 పాయింట్లు. స్టామ్‌కోస్ 45 గోల్స్ కొట్టాడు. కుచెరోవ్, బ్రేడెన్ పాయింట్ చెరి 41. క్రికెట్ తప్ప మరో ఆట ముఖం చూడని మా తెలుగువాళ్లు కూడా ఈ వసంతంలో పిల్లల పోరు పడలేక నీలం జెర్సీలు కొన్నారు.

ప్లేఆఫ్స్‌లో మొదటి ప్రత్యర్థి కొలంబస్. పుట్టిన నాటి నుంచీ ఒక్క ప్లేఆఫ్ సిరీస్ గెలవని జట్టు. కోచ్ మాత్రం జాన్ టోర్టొరెల్లా. 2004లో టాంపాకి లీగ్ ట్రోఫీ స్టాన్లీ కప్ తెచ్చిపెట్టింది ఆయనే.

ఏప్రిల్ 10

మొదటి పీరియడ్ అయ్యేసరికి 3-0తో మనమే ముందు. ఆట ముగిసేసరికి 4-3తో ఓటమి.

కొలంబస్ కొత్త విద్యేమీ చూపలేదు. మన డిఫెన్స్‌మన్ పక్ (రబ్బరు బిళ్ల) కోసం వెనక్కి తిరిగిన ప్రతిసారీ ఒకడు వచ్చి భుజంతో గుద్దాడు. పక్ దొరికినా గుద్దాడు, దొరక్కపోయినా గుద్దాడు. మొదటి ఇరవై నిమిషాల్లో దానివల్ల ఏమీ జరగలేదు. మూడో పీరియడ్ వచ్చేసరికి మనవాళ్ల పాసులు అరక్షణం ముందే చేతులు దాటుతున్నాయి. ఎదుటివాడు ఎక్కడున్నాడో చూసి వేసే పాసు వేరు, మీదికొచ్చేవాణ్ణి తలుచుకుని వేసే పాసు వేరు. ఆ అరక్షణంలోనే మ్యాచ్ పోయింది.

ఏప్రిల్ 12

5-1. చివర్లో కుచెరోవ్ సహనం కోల్పోయి, బోర్డుల పక్కన మోకాళ్ల మీదున్న నుటివారాను గుద్దాడు. తర్వాతి మ్యాచ్‌కి నిషేధం పడవచ్చు. దీన్ని మొండితనం అనుకునేవాళ్లు ఉంటారు, కాదు. మొండితనం ఉన్నవాడు దెబ్బ తిన్నాక తన చోటికి తను వెళ్లి నిలబడతాడు.

ఏప్రిల్ 16

అయిపోయింది. 7-3తో నాలుగో మ్యాచ్, 4-0తో సిరీస్. లీగ్ దశలో అగ్రస్థానానికి ఇచ్చే ప్రెసిడెంట్స్ ట్రోఫీ గెలిచిన జట్టు మొదటి రౌండ్‌లో ఒక్క మ్యాచ్ కూడా నెగ్గకుండా వెళ్లిపోవడం ఇదే మొదటిసారి. 128 పాయింట్ల మనిషి ఈ సిరీస్‌లో ఒక్క గోల్ కొట్టలేదు.

రేపటి నుంచి ఊరంతా ఒకటే మాట అంటుంది: మెత్తని జట్టు, కండబలం ముందు నేర్పు ఓడిపోయింది అని. నేను ఒప్పుకోను. కొలంబస్‌లో పనారిన్ ఉన్నాడు, గోల్‌లో బొబ్రోవ్‌స్కీ ఉన్నాడు, ఫిబ్రవరిలో డుషేన్‌ని తెచ్చుకున్నారు. నేర్పుకి వాళ్ల దగ్గరా కరువు లేదు. అయితే అంత నేర్పున్నవాళ్లు కూడా మూలల్లోకి వెళ్లారు.

ఏప్రిల్ 21

నాలుగు మ్యాచుల రికార్డింగులూ మళ్లీ చూశాను. ఈసారి పక్‌ని వదిలేసి మనుషుల్ని చూశాను.

అమెరికా రింక్ 200 అడుగుల పొడవు, 85 అడుగుల వెడల్పు. యూరప్‌ రింక్‌కి వెడల్పు ఇంకా ఎక్కువ. ఇక్కడి ఇరుకులో అయిదుగురు కలిసి మధ్య భాగాన్ని మూసేయడం పెద్ద కష్టం కాదు. లీగ్ దశలో అలా ప్రతి రాత్రీ ఎవరూ మూసెయ్యరు. 82 మ్యాచులు, విమానాలు, నిద్రలేమి. అంత ఓపిక ఏ జట్టుకీ ఉండదు. ప్లేఆఫ్స్‌లో ఒకే ప్రత్యర్థితో ఏడు మ్యాచుల దాకా ఆడాలి. రిఫరీలు కూడా చిన్నాచితకా తప్పులకు ఈల వెయ్యరు. మధ్యలో దారి మూసుకుపోతుంది. అందుకని పక్‌ని ప్రత్యర్థి గోల్ వెనక్కి, మూలకి కొట్టి దాని వెంట పడాలి. అక్కడికి ముందు చేరేవాడికి రింక్ మొత్తం వీపు వెనకాల ఉంటుంది. గుద్దేవాడు వస్తున్నాడని చప్పుడు వినిపిస్తుంది, మనిషి కనిపించడు. అలా తెలిసి తెలిసి వెళ్లి, గుద్దు తిని, ఆ గుద్దులోనే కాలితోనో కర్రతోనో పక్‌ని అడుగు పక్కకి జరిపి సహచరుడికి వదలాలి. మంచు మీద ఒక్కో విడత, అంటే షిఫ్ట్, 45 సెకన్లు అటూ ఇటూ. బెంచి మీద కాసేపు ఊపిరి తీసుకుని మళ్లీ అదే పని.

కబడ్డీలో రైడర్ పేరే అందరి నోటా నానుతుంది. చీలమండ పట్టుకుని కిందపడి ఈడ్చుకుపోతున్నా వదలనివాడి పేరు స్కోరుకార్డు చూస్తేగాని గుర్తురాదు. ఇక్కడా అంతే.

మన జట్టులో ఆ పని చేతకానివాళ్లు లేరు. ఈ ఏడాది దాని అవసరమే పెద్దగా రాలేదు. అవసరం పడని అలవాటు ఏప్రిల్లో ఒక్కసారిగా ఎక్కడి నుంచి వస్తుంది?

జూన్ 12

సెయింట్ లూయిస్ కప్ గెలిచింది. జనవరి మొదట్లో లీగ్ పట్టికలో అట్టడుగున ఉన్న జట్టు! ఆ జట్టులోని పాట్ మరూన్ ఆ ఊరి మనిషే. డల్లాస్‌తో ఏడో మ్యాచ్‌లో రెండో ఓవర్‌టైమ్‌లో గోల్ ముందు నిలబడి పక్‌ని లోపలికి తోసింది ఇతనే. పెద్ద వేగం లేదు. గోల్ ముందు నుంచి అతన్ని కదపడం మాత్రం ఎవరివల్లా కాలేదు.

ఆగస్టు 24

మరూన్ మన దగ్గరికి వచ్చాడు! ఒక ఏడాదికి 9 లక్షల డాలర్లు. కోచ్ జాన్ కూపర్‌ని మార్చలేదు, స్టామ్‌కోస్, హెడ్‌మన్, కుచెరోవ్, బ్రేడెన్ పాయింట్, వాసిలెవ్‌స్కీ అందరూ ఉన్నారు. ఏప్రిల్ పరాభవం తర్వాత జట్టును పునాదులతో తవ్వెయ్యమని అన్నవాళ్లు తక్కువేం కాదు. మేనేజర్ జూలియన్ బ్రిజ్‌బ్వా తవ్వలేదు. ఓటమి వేడిలో చేతులు కట్టుకుని కూర్చోవడానికి కూడా ధైర్యం కావాలి.

అక్టోబరు 19

మా వాడు వచ్చే సీజన్ నుంచి పద్నాలుగేళ్ల లోపు విభాగంలోకి వెళ్తాడు. అమెరికాలో పిల్లలకు ఒంటితో గుద్దే బాడీ చెకింగ్ మొదలయ్యేది అక్కడే. ఇంట్లో దిగులుగా ఉంది. "ఏవండీ, వాడి ఒంటికి అది అవసరమా?" అని రాత్రి మా ఆవిడ అడిగింది. సమాధానం దొరకలేదు.

పొద్దున వాళ్ల కోచ్ గంటసేపు ఒకే పాఠం చెప్పాడు. గుద్దు ఎలా తినాలి అని. బోర్డులకి రెండు మూడు అడుగుల దూరంలో ఆగకూడదు, ప్రమాదమంతా ఆ ఎడంలోనే ఉంది. తల ముందుగా వెళ్లి బోర్డుకి తగిలేది అక్కడే. పూర్తిగా ఆనుకుపోవాలి, మోకాళ్లు వంచాలి, భుజం ముందుండాలి, తల ఎత్తి ఉంచాలి, వెళ్లే ముందే భుజం మీదుగా వెనక్కి ఒక చూపు చూడాలి. వింటుంటే నాకు సగం దిగులు తగ్గింది. దెబ్బ తినడంలోనూ ఇంత విద్య ఉంది! కళ్లు మూసుకుని దూకేవాడికి ఒంటబట్టేది కాదు ఇది.

2020 జనవరి 11

1976లో ఇదే రోజు ఫిలడెల్ఫియా ఫ్లయర్స్ సోవియట్ ఆర్మీ జట్టును 4-1తో ఓడించింది. దెబ్బలకు నిరసనగా సోవియట్లు మధ్యలో రింక్ విడిచి వెళ్లి మళ్లీ వచ్చారు. ఆ ఫ్లయర్స్ 1974, 1975 కప్పులు గెలిచినవాళ్లు. వాళ్ల డేవ్ షుల్ట్జ్ 1974-75లో 472 పెనాల్టీ నిమిషాలు మూటగట్టుకున్నాడు. ఆ రికార్డు ఇంకా చెరగలేదు. వాళ్ల కప్పులు పిడికిళ్లతో వచ్చాయనేది పాత ప్రచారం. ఆ రెండేళ్లూ ప్లేఆఫ్స్‌లో ఉత్తమ ఆటగాడు గోలీ బెర్నీ పేరెంట్. కెప్టెన్ బాబీ క్లార్క్ మధుమేహంతో ఆడుతూ లీగ్‌లోని గొప్ప పాసర్లలో ఒకడయ్యాడు.

1976 ఫైనల్లో మాంట్రియల్ వాళ్లని 4-0తో ఊడ్చేసింది. గీ లఫ్లూర్ వేగం అందరికీ గుర్తు. ఆ వేగానికి దారి చేసినవాళ్లు లారీ రాబిన్సన్, సెర్జ్ సవార్డ్, గీ లపాయింట్. ముగ్గురూ దిట్టమైన మనుషులు, ముగ్గురికీ పక్ మీద పట్టుంది. ఫ్లయర్స్ గుద్దుతూనే ఉన్నారు, మాంట్రియల్ పాసులు మాత్రం తొందరపడలేదు. నాకు కావలసిన జట్టు అది.

ఫిబ్రవరి 16

న్యూజెర్సీ నుంచి బ్లేక్ కోల్‌మన్. ఇవ్వాల్సింది కొత్త కుర్రాళ్ల ఎంపికలో ఒక మొదటి రౌండ్ డ్రాఫ్ట్ హక్కు, నోలన్ ఫుట్ అనే కుర్రాడు. బాగా గెలుస్తున్న జట్టు ఇంత ధర పెడుతోంది!

కోల్‌మన్ టెక్సస్‌వాడు. ఈ సీజన్లో ఇప్పటికే 21 గోల్స్ కొట్టాడు, మనిషి తక్కువైనప్పుడు ఆడే పెనాల్టీ కిల్‌లో ముందుంటాడు. ఉత్త గుద్దుడుగాడు కాడు. జీతం ఏడాదికి 18 లక్షల డాలర్లే, ఒప్పందం వచ్చే ఏడాది కూడా ఉంది. జట్టు జీతాల మొత్తం 8 కోట్ల 15 లక్షలు దాటకూడదన్న పరిమితి ఉన్న లీగ్‌లో, పెద్ద తారలకు పెద్ద జీతాలిచ్చాక మిగిలిన చిల్లరలో ఇలాంటివాడు దొరకడమే అసలు కష్టం.

ఫిబ్రవరి 24

ఇంకొకడు. శాన్ హోసే నుంచి బార్క్లే గుడ్రో. మళ్లీ మొదటి రౌండ్ హక్కే పెట్టారు. అతన్ని ఏ జట్టూ డ్రాఫ్ట్ చెయ్యలేదు. నిరుడు ఏప్రిల్లో వేగస్‌తో ఏడో మ్యాచ్‌లో చాలాసేపు బెంచి మీదే ఉండి, ఓవర్‌టైమ్‌లో దిగి, ఒక్క షాటుతో సిరీస్ ముగించాడు.

మార్చి 12

కరోనా వల్ల లీగ్ ఆగిపోయింది. స్కూళ్లు, ఆఫీసులు కూడా ఆగేలా ఉన్నాయి.

మే 13

ఇదే లీగ్‌లో ఆడిన డెరెక్ బూగార్డ్ చనిపోయి నేటికి తొమ్మిదేళ్లు. ఆరడుగుల ఏడంగుళాల మనిషి, 28 ఏళ్లు. 277 మ్యాచుల్లో మూడు గోల్స్. అతన్ని పెట్టుకున్నది కొట్లాడటానికి. నొప్పి మాత్రలు, మద్యం కలిసి ప్రాణం తీశాయి. బోస్టన్ యూనివర్సిటీ వైద్యులు అతని మెదడును పరీక్షించి, పదే పదే దెబ్బలు తిన్నవాళ్లలో కనిపించే సీటీఈ అనే మెదడు జబ్బు బాగా ముదిరి ఉందని తేల్చారు.

మనం తెగువ గురించి పొగుడుతూ రాసే ప్రతి మాట పక్కనా ఈ కుర్రాడు ఉండాలి. తారల తరఫున ఇంకొకడి పిడికిలిని అద్దెకు తెచ్చుకున్న కాలం అది. తారలు మూలల్లోకి వెళ్లకుండా కాపాడటానికి ఒక మనిషిని ఖర్చుపెట్టారు. అద్దె మనిషి అక్కర్లేని జట్టే నిజంగా దిటవైన జట్టు.

ఆగస్టు 11

ఖాళీ స్టేడియం, టొరంటో. మళ్లీ మొదటి రౌండ్, మళ్లీ కొలంబస్. పనారిన్, బొబ్రోవ్‌స్కీ నిరుడు వేసవిలోనే వెళ్లిపోయినా కొలంబస్ వాళ్లు టొరంటోను ఇంటికి పంపి వచ్చారు. మన స్టామ్‌కోస్ గాయంతో లేడు.

మధ్యాహ్నం మూడింటికి మొదలైన ఆట రాత్రి తొమ్మిది దాటాక ముగిసింది. అయిదు ఓవర్‌టైమ్‌లు, 150 నిమిషాల 27 సెకన్లు. కొలంబస్ గోలీ కోర్పిసాలో 85 షాట్లు ఆపాడు, అధికారిక లెక్కలు ఉన్నంతవరకూ ఎవరూ ఆపనన్ని. వాళ్ల సెత్ జోన్స్ ఒక్కడే 65 నిమిషాల పైన మంచు మీద ఉన్నాడు. చివరికి బ్రేడెన్ పాయింట్ కొట్టాడు, 3-2.

నిరుటి జట్టయితే రెండో ఓవర్‌టైమ్‌కే ఏదో ఒక సొగసైన పాసుతో తెగించి, మధ్యలో పక్ పోగొట్టుకుని ఓడేది. ఈరోజు అదే మనుషులు, 88 షాట్లు, అన్నీ విసుగు పుట్టించేంత మామూలువి. మూలకి కొట్టు, వెంట పడు, గుద్దు తిను, తియ్యి, మళ్లీ కొట్టు. కుచెరోవ్ కూడా అదే పని చేశాడు. కళ్లు చెమర్చాయి.

ఆగస్టు 19

అయిదో మ్యాచ్‌లో 4-2 వెనకబడి, సమం చేసి, ఓవర్‌టైమ్‌లో మళ్లీ బ్రేడెనే. 5-4. కొలంబస్ ఇంటికి. అయిదడుగుల పది అంగుళాల మనిషి, 2014 డ్రాఫ్ట్‌లో 79వ స్థానంలో ఎంపికైనవాడు బ్రేడెన్. మా వాడు అతని షిఫ్టులు ఆపి ఆపి చూస్తున్నాడు. "నాన్నా, చూడు, ఇతను గుద్దుని తప్పించుకోవట్లేదు, గుద్దు ఎటు నుంచి రావాలో తనే చెబుతున్నాడు" అన్నాడు. నేను గమనించనిది.

సెప్టెంబరు 6

కోల్‌మన్, గుర్డ్, గుడ్రో. మూడో లైన్. గుర్డ్ కూడా డ్రాఫ్ట్ కానివాడే, పొట్టివాడు. కూపర్ ఈ ముగ్గురినీ ప్రత్యర్థి పెద్ద తారల మీదికి వదులుతున్నాడు. దాంతో బ్రేడెన్, కుచెరోవ్‌లకు కాస్త ఊపిరాడుతోంది.

సెప్టెంబరు 23

స్టామ్‌కోస్ దిగాడు! ఆరు నెలల పైన ఆటకి దూరమై, ఫైనల్ మూడో మ్యాచ్‌లో రెండు నిమిషాల 47 సెకన్లు ఆడి, ఒక గోల్ కొట్టి, ఒళ్లు సహకరించక బెంచి మీదే ఉండిపోయాడు. చివరిదాకా అక్కడే నిలబడి సహచరుల్ని పిలుస్తూ ఉన్నాడు.

సెప్టెంబరు 28

2-0. కప్ మనది.

ఆ రెండు గోల్స్ ఎవరివి? మొదటిది బ్రేడెన్ పాయింట్‌ది, రెండోది కోల్‌మన్‌ది. వాసిలెవ్‌స్కీ ఈ ప్లేఆఫ్స్‌లో ఒక్క నిమిషం కూడా గోల్ వదలకుండా ఆడి, ఆఖరి రాత్రి ఒక్క గోల్ ఇవ్వలేదు. ఉత్తమ ఆటగాడు హెడ్‌మన్. మరూన్‌కి వరసగా రెండేళ్లలో రెండు వేర్వేరు జట్లతో రెండో కప్.

సెప్టెంబరు 30

హిల్స్‌బరో నది మీద పడవల్లో ఊరేగింపు. మాస్కులతో ఒడ్డున నిలబడ్డాం. మా వాడి గొంతు పోయింది.

సాయంత్రం లెక్కలు వేసుకున్నాను. వచ్చే ఏడాది కూడా జీతాల పరిమితి 8 కోట్ల 15 లక్షలే, పెంచరు. సిరెల్లీ, సెర్గచేవ్, చెర్నాక్‌లకు కొత్త ఒప్పందాలు ఇవ్వాలి. మరూన్ ఒప్పందం ముగిసింది. కోల్‌మన్, గుడ్రోలకు ఇంకొక్క ఏడాదే ఉంది. ఆ తర్వాత వాళ్లు అడిగే ధర ఈ జట్టు ఇవ్వలేదు. బ్రిజ్‌బ్వా అక్టోబరులో ఎవరిని వదులుకుంటాడో చూడాలి. నేనైతే పెద్ద పేరున్నవాళ్లలో ఒకరిని అమ్మైనా సిరెల్లీని ఉంచుకుంటాను.