మూరెడు కనకాంబరములు

ఫిబ్రవరి 14 సమీపించుచున్నది. పలమనేరు బస్సు స్టాండు దగ్గర పూల అంగళ్లలో ఎఱ్ఱ గులాబీలను ఒక్కొక్కటిగా కాగితములో చుట్టి అమ్ముచున్నారు. మూడవ శతాబ్దమున రోమాలో హతసాక్షియైన వాలెంటైను పేరిట వచ్చిన దినము నేడు ప్రేమికుల దినమైనది. మన పల్లెలలోని యౌవనులు కూడ దీనిని ఎఱుగుదురు. మునుపు నేను దీనిని గేలి చేయుచుండెడివాడను. ఇప్పుడు చేయను.

2024లో ఆ దినమునకు రెండు దినములు ముందు, తిరుపతిలో చదువుకొనుచున్న నా మనుమరాలు ఫోను చేసి, "తాతా, అవ్వకు నువ్వెప్పుడన్నా పూలు తెచ్చిచ్చినావా?" అని అడిగెను. ఊరక నవ్వులాటకు అడిగిన మాట. నేను జవాబు చెప్పలేక, మాట సరిగా వినబడుట లేదని చెప్పి ఫోను పెట్టివేసితిని. అది అబద్ధము.

నా భార్య 2019లో ప్రభువునందు నిద్రించెను. 1971లో ఆమెకు క్షయవ్యాధి సోకగా మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరములో చేర్చితిని. 1912లో అనేక మిషనులు కలిసి ప్రారంభించిన ఆ శానిటోరియము మన ప్రాంతపు పేదలకు ఎంత ఆదరువైనదో పెద్దలకు తెలియును. ఆదివారము ఆరాధన ముగియగానే పుంగనూరు మీదుగా బస్సులో పోయి, ఉడికించిన గ్రుడ్లు, చెనిక్కాయల ఉండలు ఇచ్చి, ప్రార్థన చేసి వచ్చుచుంటిని. ఒకనాడు ఆమె, "ఈ తూరి వచ్చేటప్పుడు మూరెడు కనకాంబరాలు తెండి. ఈడ అందరూ దగ్గేవాళ్లే, చూసేదానికి ఏమీ లేదు" అనెను.

నేనప్పుడు బడిపంతులును, సంఘపెద్దను. నలుగురేమందురో యను భయము నాది. "క్రైస్తవ స్త్రీకి పూలెందుకు?" అని, పేతురు వ్రాసిన మొదటి పత్రిక మూడవ అధ్యాయము తెరచి, స్త్రీల అలంకారమును గూర్చిన వచనమును ఆమె మంచము ప్రక్క నిలిచి చదివితిని. ఆమె దుప్పటి గడ్డము వరకు లాగుకొని, "సరేలెండి" అనెను.

ఎనిమిది నెలలకు స్వస్థత పొంది ఇంటికి వచ్చెను. తరువాత నలుబది యేడేండ్లు కాపురము చేసితిమి. ఆ మాట మరల ఎత్తలేదు. బావి దగ్గర కనకాంబరపు చెట్లు మాత్రము వేసికొనెను. పూచినవన్నియు కోసి, కట్టి, ఇరుగుపొరుగు ఆడపిల్లల జడలలో పెట్టుచుండెను. నేను చూచుచునే యుంటిని.

2024లో భస్మ బుధవారము ఫిబ్రవరి 14ననే వచ్చినది. గుడిలో మారుమనస్సును గూర్చిన ప్రసంగము వినుచు, ఆ అధ్యాయమునే తీసి చూచితిని. మూడవ వచనములో జడలు, బంగారు నగలు, వస్త్రములు ఉన్నవి, పూలమాటే లేదు. ఏడవ వచనము పురుషులకు వ్రాయబడినది, భార్యను గౌరవింపవలెనని. ఆరోగ్యవరములో నేను అంతదూరము చదువలేదు.

గుడినుండి నేరుగా పూల అంగడికి పోయితిని. పూలమ్మే ఆమె మోచేతితో కొలుచుచు, "ఎవరికి తాతా?" అనగా, "మా ఇంటామెకు" అంటిని. ఆమె మరి జానెడు కొసరు వేసెను. సమాధిమీద పెట్టి వచ్చితిని. మరునాడు పోయి చూడగా దారము తప్ప ఏమియు లేదు. మేకలు మేసిపోయినవి. ఆమె యుండిన యెడల ఎంత నవ్వియుండెడిదో!

ఈ యేడు మేకలు దొడ్డికి చేరిన తరువాత, ప్రొద్దు గ్రుంకినాక పోవలెనని యున్నాను.