ఇరవై ఏళ్లు ముందొచ్చినవాళ్లు

పొద్దున ఆటోలో 'భీగీ భీగీ' పాట. 2006లో గ్యాంగ్‌స్టర్ సినిమాతో దేశమంతా మోగింది కదా, అదే.

డ్రైవరన్న సన్నగా కూనిరాగం తీస్తున్నాడు. నాకేమో గౌతమ్ చటోపాధ్యాయ గుర్తొచ్చి మనసంతా ఎలాగో అయిపోయింది.

ఆ బాణీకి మూలం ఓ బెంగాలీ పాట. మొహీనేర్ ఘొరాగులి అనే కలకత్తా బ్యాండుది. 1975లో మొదలైంది. దాన్ని పెట్టిన గౌతమ్ నక్సల్ ఉద్యమంలో తిరిగి, జైలు చూసి వచ్చిన మనిషి. ఆ బ్యాండు వాళ్లు బెంగాల్ జానపదమైన బావుల్ పాటనీ, రాక్‌నీ, జాజ్‌నీ కలిపి తమ ఊరి గురించి, తమ బతుకుల గురించి సొంత భాషలో పాడారు.

1977 నుంచి 79 దాకా మూడే మూడు చిన్న రికార్డులు.
జనం పెద్దగా పట్టించుకోలేదు.
1981కల్లా ఎవరి దారి వాళ్లది.

1995లో గౌతమ్ కుర్ర గాయకుల్ని పోగేసి మళ్లీ ఆల్బమ్ తెచ్చాడు. ఈసారి బెంగాల్ చెవొగ్గింది.

1999లో గౌతమ్ పోయాడు. 'భీగీ భీగీ' వినలేదు.

1981 నుంచి 1995 దాకా, ఆ పద్నాలుగేళ్లూ ఆయన తన పాటల గురించి ఏమనుకుని ఉంటాడు? నాకు అదే తొలిచేస్తోంది. ఆడని బ్యాండంటే ఓడిన బ్యాండని తేల్చేస్తాం మనం. అది అన్యాయం అనిపిస్తుంది నాకు.

మీ ఊళ్లోనో, కాలేజీలోనో అలా కొన్నాళ్లు తెలుగులో సొంత పాటలు పాడి ఆగిపోయిన బ్యాండు ఏదైనా ఉందా? పేరు చెప్పండి. రికార్డింగ్ ఉంటే ఇంకా మంచిది, వింటాను.