అండమాను తీరంలో ఆరు రోజులు

అగ్నిపర్వతం చూడాలని బయలుదేరి, చేపల వేటగాళ్ళ పల్లె చూసి తిరిగి వచ్చినవాణ్ణి నేను. ఆ సంగతి ఈ సంచికకు రాసి ఇమ్మని మిత్రులు పట్టుబట్టారు. మాది రాతకోతలు తెలిసిన ఇల్లు కాదు. మా ఇంట్లో కలం పట్టేది బ్యాంకు కాగితాల మీద సంతకానికే. కాబట్టి తప్పులుంటే పాఠకులు పెద్ద మనసుతో మన్నించాలి.

మాది కడప జిల్లా, కమలాపురం దగ్గర పల్లె. పాపాఘ్ని వచ్చి పెన్నలో కలిసేది మా ప్రాంతంలోనే. నల్లరేగడి నేల, శనగ పంట. మాకున్నది నాలుగెకరాలు. అందులో రెండు ఏటి ఒడ్డున ఉన్నాయి. 2021 నవంబరులో వచ్చిన వరదకు కమలాపురం దగ్గర పాపాఘ్ని వంతెన కూలిపోయింది. ఆ సంగతి అన్ని పేపర్లలోనూ వచ్చింది. మా రెండెకరాల మీద మోకాలిలోతు ఇసుక మేట వేసిన సంగతి ఏ పేపర్లోనూ రాలేదు. అప్పటినుంచి ఆ చేను బీడు.

గడచిన వేసవిలో ఒకరోజు నాయన, "అబ్బోడా, ఆ రెండెకరాలు అమ్మేస్తే నీ పై చదువు గట్టెక్కుతాది. ఏమంటావు?" అని అడిగినాడు. "నీ ఇష్టం నాయనా" అన్నాను. నిజం చెప్పొద్దూ, లోపల నాకు సంతోషమే అయింది. ఆ ఇసుక చూసినప్పుడల్లా నాకు విసుగు. ఒక్క సంతకంతో దాని పీడ వదిలిపోతుందనుకున్నాను.

నేను చదివేది భూగర్భశాస్త్రం. మాకు దగ్గర్లోనే, వేంపల్లె, పులివెందుల వైపు, ఒకప్పుడు భూమి లోపలినుంచి ఉబికి గడ్డకట్టిన నల్లరాళ్ళున్నాయి. పులివెందుల దగ్గరి అటువంటి రాతి పొర ఒకదాని వయసు సుమారు 188 కోట్ల సంవత్సరాలని శాస్త్రజ్ఞులు లెక్కగట్టారు. చల్లారిపోయిన రాయిని చూసి చూసి, మండే కొండను ఒక్కసారైనా చూడాలని నాకు కోరిక పుట్టింది. మన దేశంలో ఇప్పటికీ అగ్ని కక్కుతున్న పర్వతం ఒక్కటే ఉంది. అది అండమాను సముద్రంలోని బారెన్ ద్వీపం. 1787లో అది నిప్పులు చిమ్మినట్టు రాతపూర్వకమైన ఆధారముంది. పందొమ్మిదో శతాబ్దంలో చల్లబడి, నూటయాభై ఏళ్ళకు పైగా నిద్రపోయి, 1991లో మళ్ళీ లేచింది. ఆ తర్వాత కూడా పలుమార్లు రాజుకుంది.

నా హాస్టలు గదిలో ఉండే మిత్రుడిది శ్రీకాకుళం జిల్లా. వాళ్ళ మేనమామ ముప్పయ్యేళ్ళుగా అండమానులో వేట చేసుకుంటున్నాడు. "సెలవులకి మామయ్య దగ్గరికెళ్తన్నాను, వస్తావేటి?" అన్నాడు. ఓడలో బంకు టిక్కెట్టు నాకు అందుబాటు ధరలోనే ఉంది. కమలాపురంలో రైలెక్కి చెన్నై చేరి, అక్కడ ఓడ ఎక్కాం. మూడు రాత్రుల ప్రయాణం. మొదటి రోజంతా నేను వాంతులతోనే గడిపాను. నీళ్ళ కోసం మొగులు చూసే ఇంట్లో పుట్టినవాడికి, నాలుగు దిక్కులా నీళ్ళే ఉండి ఒక్క గుక్క తాగడానికి పనికిరాకపోవడం వింతగా తోచింది.

పోర్ట్‌బ్లెయిర్‌కు 2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు. మా మిత్రుడి మామ మాత్రం ఇంకా పాత పేరే అంటాడు. రేవులో దిగగానే నా చెవిన పడింది తెలుగు! ఆశ్చర్యపోయాను గాని, పోవలసిన పని లేదట. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ దీవుల్లో ప్రతి వందమందిలోనూ సుమారు 13 మంది మాతృభాష తెలుగు. 1950ల్లో కొన్ని మత్స్యకార కుటుంబాలను ప్రభుత్వమే తీసుకుపోయి అక్కడ నిలిపింది. తర్వాత శ్రీకాకుళం, విశాఖ తీరాలనుంచి చుట్టం వెంట చుట్టం చేరుకున్నారు. పట్నంలోని జంగ్లీఘాట్ అటువంటివారితో నిండిన పేట. మేం పోయింది అక్కడికి కాదు. ఊరు దాటి, తూర్పు తీరం వెంబడి చిడియాటాపు వైపు పోయే దారిలో, కొండకూ సముద్రానికీ నడుమ ఇరుక్కున్న చిన్న పల్లెకు. ఇరవై ముప్పై ఇళ్ళు. దాని పేరు ఇక్కడ రాయను. ఎందుకో ముందు ముందు మీకే తెలుస్తుంది.

ముందుగా ఒక సిగ్గుమాలిన సంగతి చెప్పుకోవాలి. ఆ ఇంట్లో అడుగుపెట్టగానే ఎండుచేపల వాసన గుప్పున కొట్టింది. నేను తువ్వాలుతో ముక్కు మూసుకున్నాను. మిత్రుడి అత్త చూసింది. ఏమీ అనలేదు. వాకిట్లో ఆరబోసిన నెత్తళ్ళ చాపను మెల్లగా ఇంటి వెనక్కు లాగేసింది. ఆ రాత్రి నాకని వేరుగా పప్పు వండి పెట్టింది. మా పల్లెలో పెన్నలో చేపలు పట్టేవాళ్ళు మంచినీళ్ళకు మా చేని బోరు దగ్గరికి వస్తే, "వాసన, దూరంగా ఉండండి" అని చిన్నప్పుడు నేనే అరిచాను. ఆ మాట ఇన్నేళ్ళకు ఆ పప్పన్నం ముందు గుర్తొచ్చి ముద్ద దిగలేదు.

మూడోనాడు తెల్లవారుజామున మూడు గంటలకు మామ నన్ను వేటకు తీసుకుపోయాడు. చిన్న పడవ, దానికో ఇంజను, మంచుపెట్టె, గాలాలు, వల. అక్కడ అందరూ దాన్ని డుంగీ అంటారు. చేతిలో దారి చూపే యంత్రమున్నా, మామ కళ్ళు గట్టు మీదే ఉన్నాయి. ఈ కొండ కొమ్ము ఆ దీపంతో కలిసి కనబడితే కింద రాతి గడ్డ ఉన్నట్టు, అక్కడ చేప ఉన్నట్టు. మా నాయన కూడా అంతే. ఫోనులో వాన కబురు వచ్చినా, బయటికి వచ్చి మొగులు చూస్తేనే ఆయనకు నమ్మకం.

ఆ రోజు దొరికినవి రెండు వంజరాలు, కొన్ని చిల్లర చేపలు. ఒడ్డున వ్యాపారి కాచుకుని ఉన్నాడు. పడవ ఇంజనుకు ఆయన దగ్గర తెచ్చిన బాకీ ఉందట. కాబట్టి చేప ఆయనకే పోయాలి, ఆయన చెప్పిన ధరకే పోయాలి. డీజిలు, మంచు ఖర్చు పోగా మామ చేతికి వచ్చింది చూసి నాకు నవ్వు, ఏడుపు రెండూ వచ్చాయి. ప్రొద్దుటూరు మండీలో విత్తనాల అప్పు పట్టుకుని మా శనగలు తూచే తీరు అచ్చం ఇదే కదా! ఉప్పునీళ్ళయినా, నల్లరేగడైనా తక్కెడ ఒక్కటే.

ఇక నేను చూడబోయిన అగ్నిపర్వతం సంగతి. బారెన్ ద్వీపం ఆ పల్లెకు నూటముప్పై కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉంది. అక్కడ మనుషులు నివసించరు, దిగనివ్వరు. ఓడలో చుట్టూ తిప్పి చూపిస్తారు గాని ఆ టిక్కెట్టు ధర నా తాహతుకు మించినది. దిగులుపడి పల్లె తీరంలో నడుస్తుంటే కాళ్ళ కింద నల్లరాళ్ళు కనబడ్డాయి. దిండ్లు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టున్నాయి. లావా సముద్రం అడుగున చల్లటి నీళ్ళలోకి పొంగితే, పైపొర గడ్డకట్టి ఇలా దిండ్లలాగా తయారవుతుంది. ఆ తీరంలోని రాళ్ళ వయసు తొమ్మిదిన్నర కోట్ల సంవత్సరాలకు అటూ ఇటూ. పుస్తకంలో చదివినది కాళ్ళ కింద ఉంది! సంతోషం పట్టలేక, ఆ రాళ్ళ మీద నెత్తళ్ళు ఆరబోస్తున్న అత్తతో, "అత్తా, ఇది అగ్నిపర్వతం రాయి" అన్నాను.

"అలగా? అందుకే గావాల, సేప బేగి ఎండుతాది" అని నవ్వింది.

ఆ రాళ్ళ మీదే కూర్చుని 2004 డిసెంబరు 26 సంగతి చెప్పింది. ఆ ఆదివారం పొద్దున్నే నేల ఊగింది. కాసేపటికి సముద్రం వెనక్కు పోయి, ఎన్నడూ చూడని రాళ్ళు బయటపడ్డాయట. రెండేళ్ళ కూతుర్ని చంకనేసుకుని కొండెక్కింది. మామ ఆ వేళ లోతు నీళ్ళలో వేటలో ఉన్నాడు. ఆయనకేమీ తెలియలేదు. ఇది శాస్త్రానికి సరిపోయే మాటే. నాలుగు వేల మీటర్ల లోతులో ఆ కెరటం గంటకు ఏడువందల కిలోమీటర్ల వేగంతో పరిగెత్తినా ఎత్తు బహు తక్కువ. గట్టు దగ్గరికొచ్చి వేగం తగ్గేకొద్దీ పైకి లేస్తుంది. ఆయన తిరిగి వచ్చేసరికి ఇల్లు లేదు. పల్లెలో ప్రాణాలు దక్కాయి గాని పడవలు, వలలు పోయాయి. "కొండ మీంచి నేను ఆయన పడవ కోసం సూసేను. ఆయన పడవలోంచి నా కోసం సూసేరు" అంది అత్త. నా దగ్గర ఉన్న శాస్త్రంలో దీనికి సూత్రమేదీ లేదు.

మరునాడు మిత్రుడూ నేనూ వండూరు బస్సెక్కి సిప్పీఘాట్ చూడబోయాం. రోడ్డు పక్కన విశాలమైన నీళ్ళు. తెల్లకొంగలు. యాత్రికులు ఫోటోలు తీసుకుంటున్నారు. అదంతా ఒకప్పటి వరిపొలమట! 2004 భూకంపంలో పోర్ట్‌బ్లెయిర్ ప్రాంతపు నేల సుమారు ఒక మీటరు కిందికి దిగిపోయింది. ఉత్తరాన కొన్నిచోట్ల నేల పైకి లేచి పగడపు దిబ్బలు బయటపడ్డాయి. ఇక్కడ మాత్రం సముద్రం పొలాల్లోకి వచ్చింది, తిరిగి పోలేదు. కారణం నేను పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదే. మన కడప నేలను మోస్తున్న భూఫలకమే అక్కడికి పోయి సముద్రం అడుగున కిందికి దూరుతోంది. బారెన్ ద్వీపాన్ని మండించేదీ అదే, ఈ మడిని ముంచిందీ అదే. కాని ఆ నీళ్ళ కింద గట్లు ఎక్కడుండేవో, మొదటి కొడవలి ఎవరు వేసేవారో అని తలుచుకుంటే రైతుబిడ్డకు గొంతు పట్టుకుంటుంది. మార్కులతో తీరేది కాదది.

ఆ సాయంత్రం మామ వల బాగుచేసుకుంటూ అడిగాడు. "మీకు బూవి ఎంతుంది బాబూ?"

"నాలుగెకరాలు మామా. రెండు అమ్మేస్తున్నాం."

"ఏం?"

"ఏటి వరదకు మేట వేసింది."

ఆయన చేయి ఆగింది. "ఇసకా? నీరా?"

"ఇసుకే."

"ఇసకైతే తియ్యొచ్చు గదా బాబూ" అన్నాడు. అంతే. మళ్ళీ వల అందుకున్నాడు. కాసేపటికి తనే అన్నాడు: "ముప్పయ్యేళ్ళు ఇక్కడున్నాను. ఈ ఇంటికి కాయితం లేదు. ఎవులైనా లెమ్మంటే లెగాల. పోనీ మా వూరెల్దామంటే అక్కడా సెంటు లేదు. కాయితమున్నోళ్ళ మడి సూసేవు గదా, సముద్రం కింద. నీది కాయితమూ ఉంది, మడీ ఉంది. పైన ఇసక. అంతే గదా?"

నేను జవాబు చెప్పలేకపోయాను. పల్లె పేరు ఎందుకు రాయలేదో ఇప్పుడు మీకు అర్థమయ్యే ఉంటుంది. పట్టా లేని ఇళ్ళు అవి. ఆ రాత్రి అత్తను అడిగి నెత్తళ్ళ ఇగురు పెట్టించుకుని తిన్నాను. ఆమె నవ్వలేదు, మాట అనలేదు. రెండోసారి మాత్రం అడగకుండానే వడ్డించింది.

ఊరికి రాగానే నాయనతో, "చేను అమ్మొద్దు" అన్నాను. "మరి చదువు?" అన్నాడు. "స్కాలర్‌షిప్పు రాస్తా, ట్యూషన్లు చెప్పుకుంటా. ఇసుకైతే తీయొచ్చు నాయనా" అన్నాను. ఆయన నా ముఖం వంక చాలాసేపు చూసినాడు. అమ్మే మాట తాను ఎంత కష్టపడి అన్నాడో నాకప్పుడు తెలిసింది. జూన్, జూలై నెలల్లో ట్రాక్టరు బాడుగకు తెచ్చి, మేం ముగ్గురం పారలు పట్టి ఒక ఎకరా ఇసుక గట్టుకు తోలించాం. ట్రాక్టరు బాడుగ ఇంకా కొంత బాకీ ఉంది. రెండో ఎకరాకు చేయి ఆడలేదు. అక్టోబరులో ఆ ఎకరాలో శనగ వేశాం. మొలక పలచగా వచ్చింది. కింద రేగడి ఇంకా బతికే ఉందని నాయన అంటాడు.

నేను చేసింది తెలివైన పనో కాదో నాకు తెలియదు. పై చదువుకు డబ్బు ఎక్కడినుంచి వస్తుందో ఇంకా తేలలేదు. నేల కదలదని నమ్మి చేసిన పని కాదిది, కదులుతుందని చదువుకున్నవాణ్ణే. కాని దాన్ని పీడ అనుకుని ఒక్క సంతకంతో వదిలించుకోబోయాను చూడండి, ఆ తొందరే ఇప్పుడు నాకు సిగ్గు.

అత్త కట్టిచ్చిన ఎండునెత్తళ్ళను చూసి మా జేజి మొదట వంటింట్లోకి రానివ్వలేదు. ఇప్పుడు ఆమే, "మళ్ళా ఎప్పుడు పంపుతారంట?" అని అడుగుతోంది. మొన్న మామ ఫోను చేశాడు.

"ఇసక తీసేరా బాబూ?"

"ఒక ఎకరా తీసినాం మామా."

"మరి రెండోది?"